అంచు కొయ్యని బొమ్మ

కార్డుల కట్ట కట్టిన పురికొసతోనే ఇంటికి తిరిగొచ్చింది.

మరియదాసు దాన్ని బల్ల మీద పెట్టలేదు. గుమ్మం లోపల, చెప్పులు విడిచే చోట పెట్టాడు. వాట్‌గంజ్ తెలుగు సంఘంలో యెషయాతో పాటు పెద్దరికం చేసే మనిషి, ఈ ఇంటికొస్తే పిలవకుండానే చెయ్యి కడుక్కుని పీట వాల్చుకునే మనిషి, ఆ శనివారం మధ్యాహ్నం మాత్రం కూర్చోమంటే కూర్చోలేదు.

“యెషయన్నా, రేపు ఆరాధనయ్యాక నీ గుంటడి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకుంటానన్నావు. మేం ఏటన్నా అడ్డం సెప్పినామా? పాస్టరుగారికి నానే సెప్పి ఒప్పించినాను. కానీ ఈ కార్డులు పంచుతానంటే మట్టుకు కూడిక నేదు.”

“కార్డుకేటయ్యింది?” వంటగదిలోంచి రోజమ్మ గొంతు వచ్చింది. మనిషి రాలేదు.

“ఏటయ్యిందో సూస్తే తెలీదేటి వదినా?”

యెషయా కార్డు అందుకున్నాడు. ఖిదిర్‌పూర్ రేవులో క్రేను నడిపి నడిపి ఎడమ భుజం దిగిపోయిన మనిషి. ఏ కాగితమైనా ఆ భుజాన్ని గోడకానించి చదువుతాడు. పైనుంచి కిందికి పెదాలు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు.

“వాక్యం తప్పు పడ్డాదా?”

“నేదు.”

“పేరు?”

“జ్ఞానానందం అనే ఉంది. పేరూ తప్పు నేదు, తారీకూ తప్పు నేదు.”

“మరేటి తప్పు?”

మరియదాసు గడ్డం గోక్కున్నాడు. చెప్పాలని ఉంది, చెప్పడానికి మాట దొరకడం లేదు. “మాటలన్నీ దేవుడియ్యే అన్నా. సూపే ఇంకొకడిది. సూడగానే ఒళ్ళు జలదరించీసింది. మా మనవరాలు సేతిలోకి తీసుకుని ఏటడిగిందో తెల్సా? ‘దాదూ, ఇది ఐరన్ జెట్టీ కేసెట్టా?’ అనడిగింది. పిల్ల తెలుగు సదవనేదు. సదవకుండానే అడిగింది.”

కిటికీ దగ్గర నిలబడ్డ దెబోరా తల దించుకుంది. ఐరన్ జెట్టీ ఆమె అన్న జ్ఞానానందం గిటారు వాయించిన బృందం. చెవులు చిల్లులు పడే మెటల్ పాటలు. అతను పోయి ఏడాదవుతున్నా వాళ్ళ కేసెట్లు పార్క్ స్ట్రీట్ పక్క సందుల్లో ఇంకా దొరుకుతున్నాయి.

“సాయంత్రానికి వేరే కార్డు సెయ్యించు. తెల్లగా ఉండాల. నేదా, కూడిక మాట మర్చిపో.” మరియదాసు గడప దాటి, ఆగి, వెనక్కి తిరిగాడు. “నీ కూతురు కావాలని సేసిందని నాననడం నేదు.”

అననంటూనే అనేసి పోయాడు.

కుక్కర్ కూత పెట్టింది. రోజమ్మ దాన్ని దించలేదు. అది మళ్ళీ కూసింది.

దెబోరా ఒక కార్డు తీసి చూసింది. తను గీసిందే, తన చేతులతో అతికించి అచ్చు ఫిల్ముకి పంపిందే. అయినా ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టుంది.

కలకత్తాలో ఆమెకు తెలిసిన ఏ ప్రెస్సులోనూ తెలుగు అచ్చు అక్షరాలు లేవు. అందుకని అమ్మ బైబిలు తెరిచి, వాక్యాన్ని ఒక్కో అక్షరమే చూసి చేత్తో గీసింది. తెలుగు గడగడా మాట్లాడుతుంది గాని, చదవడం మాత్రం వేలు పెట్టి కూడబలుక్కోవాల్సిందే. బడిలో నేర్చింది బంగ్లా, ఇంగ్లీషు. కాబట్టి ఆమెకు తెలుగు అక్షరం ముందు బొమ్మ, తర్వాతే మాట.

తెలుగులో పుట్టి పెరిగిన చేతికి తలకట్టంటే అక్షరం మీద ఒక చిన్న టిక్కు. దెబోరా చేతికి అదొక మొన. పాటల పత్రికలో అన్న పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి బృందాల పేర్లు గీసిన చెయ్యి. ఒక్కో తలకట్టునీ సన్నగా పైకి లాగి బల్లెం చేసింది. పేరులో మొదటి అక్షరం తోకని కిందికి సాగదీసి, దానికి జవాబుగా కుడిచివర కూడా ఒక తోక తీసింది. తూకం కుదరాలి కదా. నల్లటి నేల మీద తెల్లటి గీతలు. మధ్యలో ఫొటో, గింజలు గింజలుగా.

వాక్యం కాపరిని గురించి చెబుతోంది. అక్షరాలు మాత్రం గొర్రెల మీదికి దూకేలా ఉన్నాయి.

“కావాలని సేసినావా?” యెషయా గొంతు పెంచలేదు. పెంచకపోతేనే ఈ ఇంట్లో భయం.

“నేదు నాన్నా.”

“పత్రికలో సేసినట్టు సేసీసినావు.”

“నల్లకార్డు అన్నావు కదా. సావుకార్డుకి నలుపే కదా అనుకున్నాను.”

“నలుపు అంచుకి పెడతారు. సన్నగా, గీతలాగ. లోపలంతా తెలుపుంటాది. అందులోకి ఎల్లినోడు ఎలుగులోకి ఎల్లినాడని. నువ్వు లోపలంతా సీకటి సేసీసి ఆడిని అందులో కూకోబెట్టినావు.”

ఈ మాట తగిలింది. ఎందుకంటే పని తెలిసినవాళ్ళ మాటే అది. అన్న బతికుంటే అచ్చంగా అలాగే తప్పు పట్టేవాడు.

“దాన్నేటంతావు?” రోజమ్మ వంటగది గుమ్మంలో నిలబడింది, చేతిలో గరిటె. “అది సెయ్యనేదు. ఆడే సేయించినాడు.”

“రోజీ.”

“ఏటి రోజీ? ఏడాది బట్టి సూస్తన్నాను. అది బల్లకాడ కూకుంటే ఎనక నిలబడతాడు. నాకు తెల్దా?”

అప్పుడే రేవులో ఏదో ఓడ కూత పెట్టింది. పొడుగ్గా, లోతుగా. గోడకి వేలాడుతున్న జ్ఞానానందం పాత చెక్క గిటారులో లావుపాటి తీగ దానంతట అదే గుయ్‌మంది. కూత ఆగాక కూడా కొంతసేపు గుయ్‌మంటూనే ఉంది.

ఎందుకలా అవుతుందో దెబోరాకు తెలుసు. అన్నే చెప్పాడు, కూత శ్రుతీ తీగ శ్రుతీ ఒకటైతే అది పలుకుతుందని. తెలిసినా ఆ గోడకి ఒక అడుగు దూరం జరిగింది. యెషయా చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. రోజమ్మ ఒక్కతే గిటారు వైపు చూసి, “ఆఁ” అంది, ఎవరో పిలిస్తే పలికినట్టు.

ఈ ఏడాదిలో రోజమ్మ పగలు గాని రాత్రి గాని వీధి తలుపు గడియ పెట్టనివ్వలేదు. పెట్టినవాళ్ళు నిద్రపోయాక లేచి తీసేది. కారణం ఎవరూ అడగరు. ఐరన్ జెట్టీలో వాయించడం మానితేనే ఈ గుమ్మం తొక్కమని కొడుకుని తరిమింది యెషయా. ఆ పిల్లాడు ఇలియట్ రోడ్డులో పత్రికాఫీసు మేడమీద గదిలో ఉండి, ఒక్కసారి కూడా ఇటు రాలేదు. ఒక వానరాత్రి కచేరీ ముగిశాక లారీ కింద పడ్డాడు. ఇలియట్ రోడ్డు దగ్గర కాదు. ఖిదిర్‌పూర్ వంతెన దిగాక, ఇటు పక్క. వాట్‌గంజ్ దారిలో.

ఇంటికి వస్తున్నాడు. ఎందుకు వస్తున్నాడు? తండ్రి వద్దన్న ఇంటికి, ఆ వానలో, ఏమని వస్తున్నాడు?

రోజమ్మ ఏడాదిగా దేవుణ్ణి అడిగేది అదొక్కటే. తండ్రి తనని వదిలేశాడనుకుంటూనే పోయాడా, మనసు కుదుటపడి పోయాడా. దానికి జవాబు దొరికితే గడియ పెట్టుకుంటుంది.

“తెల్ల కార్డు సెయ్యి,” అన్నాడు యెషయా చివరికి. “ఫొటో కూడా మార్చు. నోరు తెరిచి, ఆ అవతారమేటి?”

“ఫొటో ఉండాల.” రోజమ్మ గరిటె తడికకేసి కొట్టింది. “కళ్ళు మూసుకుని, మొహమెత్తి, ప్రార్థన సేస్తన్నట్టున్నాడు నా కొడుకు. దాని మీద సెయ్యేస్తే ఊరుకోను.”

ప్రార్థన కాదమ్మా, అనలేదు దెబోరా. అది ఐరన్ జెట్టీ ఆఖరి కచేరీలో తీసిన ఫొటో. చుట్టూ ఉన్నదంతా వదిలేసి ముఖం ఒక్కటే ప్రింటు తీయించుకున్నది తనే.

*

ధర్మతల్లా దగ్గర ఎర్రజెండాల ఊరేగింపు సాగుతోంది. ట్రాము కదల్లేదు. దెబోరా దిగి పత్రికాఫీసుకి నడిచింది.

నడుస్తుంటే గోడలు కనిపిస్తాయి. ఎన్నికలొస్తే ఈ గోడల మీదే అన్న అక్షరాలు నేర్చాడు. పార్టీ కుర్రాళ్ళతో తిరిగి సున్నం కొట్టి, ఎర్రరంగుతో రాసేవాడు. “చదువురాని రిక్షావాడు కూడా దూరం నుంచే ఎవరి గోడో చెప్పేస్తాడు దేబూ. అక్షరం నడుము చూసి చెప్పేస్తాడు,” అనేవాడు. గోడల మీంచి పత్రిక పేజీల మీదికి వచ్చినా అతని పాఠం అదే.

‘లౌడ్ లేన్’ అని ఆ పత్రిక పేరు. ఇలియట్ రోడ్డులో ఒక మేడమీది గది, ఏటవాలు బల్లలు రెండు, జిగురు వాసన. సంపాదకుడూ ఫొటోగ్రాఫరూ టీ తెప్పించేవాడూ అంతా తాపస్‌దానే. అన్న పోయాక పేజీలు కూర్చే పని దెబోరా మీద పడింది. పడిందనడమే గాని, ఆమె అడిగి తీసుకుంది.

అన్న ముందుచూపు గల మనిషి. పేజీలు అతికించే అట్టల మీద నీలం పెన్సిలుతో గళ్ళు గీసి, బొత్తులుగా పెట్టుకునేవాడు. ఆ నీలం పేజీని ఫిల్ముకెక్కించే కెమెరాకి కనబడదు. అచ్చులో రాదు. కంటికి మాత్రం ఉంటుంది. ఏడాదిగా దెబోరా వాడుతున్నవి ఆ అట్టలే. తను ఏ పేజీ కూర్చినా కింద అతను గీసిన గీతలే. పైన బొమ్మా మాటా అతికిస్తే అవి మూతపడతాయి. మూతపడినా, వాటిని దాటి ఒక్క ముక్కా పెట్టలేకపోతోంది.

“వచ్చావా,” అన్నాడు తాపస్‌దా బంగ్లాలో. “రా. వచ్చి నువ్వు చేసిన అందం చూసుకో.”

బల్ల మీద జ్ఞానానందానికి నివాళి పేజీ ఉంది. మొన్న దెబోరా కూర్చి పెట్టి వెళ్ళిందే. తెల్లటి పేజీ. నాలుగు వైపులా వెడల్పుగా ఖాళీ. సన్నగీత అంచు. మధ్యలో పోస్టుకార్డంత ఫొటో, కింద సన్నటి అక్షరాల్లో పేరు.

“ఇదేమిటిది?”

“నివాళి.”

“ఎవరికి? ఏకతారా పట్టుకుని రైళ్ళలో పాడుకునే ముసలి బావుల్ పోయాడా? పాఠకుడు పేజీ తిప్పుతాడు, ఖాళీ చూస్తాడు, సన్నగీత చూస్తాడు, అబ్బా నిశ్శబ్దం అనుకుంటాడు. నీ అన్న నిశ్శబ్దమా?”

దెబోరాకు నవ్వొచ్చింది. అది నవ్వులా రాలేదు, దగ్గులా వచ్చింది. “తాపస్‌దా, ఇంటి దగ్గర చర్చి కార్డు మెటల్ కేసెట్టులా ఉందని తిప్పి పంపారు. ఇక్కడ మెటల్ పేజీ చర్చి కార్డులా ఉందని మీరు తిప్పి కొడుతున్నారు.”

తాపస్‌దా నవ్వలేదు. సిగరెట్టు వెలిగించుకుని, ఆమె కళ్ళలోకి చూసి, మళ్ళీ ఆర్పేశాడు.

“మీ అమ్మ చూస్తుందని భయపడి చేశావు కదా, ఇది?”

దెబోరా పేజీ అంచు మీది సన్నగీతని గోటితో గీకింది.

“వాడేం చెప్పేవాడు నీకు?”

వాడేం చెప్పేవాడో ఆమెకి కంఠతా వచ్చు. పేజీ తిప్పగానే పాట చెవిలో పడాలి, చదవడం తర్వాత. బ్లూస్ పాడేవాడికి చోటు వదలాలి, వాడు ఊపిరి తీసుకునేంత. పంక్ కుర్రాళ్ళకి చింపి అతికించాలి, స్కేలు ముట్టుకున్నావా అయిపోయావు; వంకర పోవాలి, టైపుమిషను అక్షరం పడాలి, ఫొటో నకలు తీసి ఆ నకలుకి నకలు తియ్యాలి. ఒకే పాట అరగంట వాయించేవాళ్ళకి సన్నటి అక్షరం, దూరంగా ఒక ఆకాశం. మెటల్ అయితే నలుపు. అక్షరానికి మొన. ఎడమకి ఎంత బరువో కుడికీ అంతే. “మెటల్ పేజీ చర్చి కట్టినట్టు కట్టాలి దేబూ. మనం చిన్నప్పట్నుంచీ కూర్చున్నది అందులోనే కదా. తలెత్తితే భయం వెయ్యాలి, దిగులూ వెయ్యాలి. కాకపోతే దీపాలు ఉండవంతే.”

“నల్లగా చేస్తాను,” అంది దెబోరా.

“నలుపొక్కటే చాలదు. ఆ పోస్టుకార్డు తీసి పారెయ్. ముఖం కోసి ఇస్తే అది గుర్తింపు కార్డు ఫొటో. వాడొక్కడే ఏ పాటా పాడలేదు. ముందున్న జనం కావాలి, పొగ కావాలి, ఆ హాలు కావాలి.” తాపస్‌దా అల్మారా లాగి పెద్ద ఫొటో ప్రింటొకటి తీసి బల్ల మీద పరిచాడు. “పూర్తిది ఇదీ. నాలుగు వైపులా పేజీ అంచు దాకా పెట్టు. నూలుపోగంత కూడా కొయ్యకు.”

ఇంతవరకూ ఆమె పూర్తి ఫొటో చూడలేదు. చూడాలని అడగలేదు. ముఖం ఉన్న మేరకే చిన్న ప్రింటు తీయించుకుంది, మిగతాది చూస్తే అతను పోయిన రాత్రిని చూసినట్టే కాబట్టి.

అన్న మధ్యలో ఉన్నాడు. ముఖమెత్తి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి. అతని చుట్టూ చీకటి, చీకట్లోంచి చేతులు. వెనక గోడ, గోడకొక తలుపు. తలుపు దగ్గర దీపం వెలుతురు కొద్దిగా.

అచ్చులో నలుపు ఎక్కడ ముద్దకడుతుందో చూడటానికి భూతద్దం తీసి, మూలల్నించి మొదలుపెట్టింది. అది పని అలవాటు. కింది మూల, పై మూల, తలుపు.

తలుపు దగ్గర ఒక మనిషి నిలబడ్డాడు. తెల్ల చొక్కా. చంకలో రేవు పనివాళ్ళ హెల్మెట్టు. తలుపు చెక్కకి ఆనుకున్న ఎడమ భుజం, దిగిపోయి ఉంది.

భూతద్దం కింద మనిషి పలచబడి చుక్కలై పోతాడు. తీసేస్తే మళ్ళీ మనిషవుతాడు. ఆమె పెట్టింది, తీసింది. పెట్టింది, తీసింది. ప్రతిసారీ నాన్నే.

“తాపస్‌దా.” తన గొంతు తనకే దూరంగా వినిపించింది. “ఈ పాటలో ఇదొక్కటే తీశారా?”

“రెండు తీశాను. రెండోది పనికిరాదు.”

“చూపించండి.”

ఆయన కవరులోంచి నెగెటివ్ ముక్క తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. దెబోరా భూతద్దం ఆనించింది. నెగెటివ్‌లో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. ఆ తిరగేసిన లోకంలో అన్న జుట్టు తెల్లగా, ముఖం నల్లగా ఉంది. చెయ్యి తీగల మీంచి లేచి ఉంది. కళ్ళు తెరిచి ఉన్నాయి. కెమెరా వైపు కాదు, జనం వైపు కాదు. తలుపు వైపు.

తలుపు సగం తెరుచుకుని ఉంది. అక్కడ ఎవరూ లేరు.

“అక్కడ శ్రుతి తప్పాడు,” అన్నాడు తాపస్‌దా. “ఎప్పుడూ తప్పేవాడు కాదు. పాట ఎలాగో ముగించి, గిటారు తెచ్చి నా చేతిలో పెట్టి, వస్తానని దిగిపోయాడు. డబ్బాలో కూడా పెట్టుకోలేదు. ఎక్కడికని అడిగేలోపే మెట్లు దిగేశాడు. ఎందుకలా పరిగెత్తాడో నాకిప్పటికీ తెలీదు.”

దెబోరా నెగెటివ్ ఆయనకి జాగ్రత్తగా ఇచ్చేసింది. పెద్ద ఫొటో మాత్రం అడిగి తీసుకుని, అట్టలో పెట్టి చంకన పెట్టుకుంది.

*

ఇల్లు చేరేసరికి వీధంతా కరెంటు పోయింది. యెషయా బల్ల దగ్గర లాంతరు పెట్టుకుని ఉన్నాడు. అన్నం తిన్న గుర్తు లేదు. రోజమ్మ కొళాయికి వెళ్ళింది.

“తెల్ల కార్డు ఏదమ్మా?”

“సేస్తాను నాన్నా. ముందు ఒకటడగాల.” ఆమె అట్ట విప్పి ఫొటో లాంతరు ముందు పెట్టింది. “పత్రికలో అన్నియ్య పేజీకి ఇదెయ్యమంతన్నారు. అంచుల దాకా. కొయ్యాలో కొయ్యకూడదో నువ్వు సెప్పు.”

“నాకేటి తెలుస్తాది పత్రిక సంగతి? నీ ఇష్టం.”

“సూసి సెప్పు.”

యెషయా విసుగ్గా లాంతరు దగ్గరికి జరుపుకున్నాడు. కొడుకుని చూశాడు. ముఖం బిగించుకుని చూశాడు. చేతుల్ని చూశాడు, పొగని చూశాడు. ఆ తర్వాత అతని కళ్ళు ఆగిపోయాయి.

వీధిలో ఎవరో ఎవరినో బంగ్లాలో తిడుతున్నారు. పక్కింట్లో పిల్లాడు ఎక్కాలు వల్లిస్తున్నాడు. ఇవన్నీ ఎక్కడో.

దెబోరా ఎదురు చూసింది. తిడతాడనుకుంది. చింపేస్తాడేమోనని ఫొటో మీద చెయ్యి సిద్ధంగా పెట్టింది.

యెషయా చూపుడు వేలు తలుపు దాకా వెళ్ళింది. తాకలేదు. “ఇక్కడికి కోసీసినావనుకో, బొమ్మ బాగుంటాదా?” అన్నాడు.

“బాగానే ఉంటాది. ఎవరికీ తెలీదు.”

“కోస్తే, మరి నాను?”

“నువ్వు ఎల్లనట్టే.”

ఆయన చాలాసేపు తల ఊపాడు, లెక్క ఏదో సరిచూసుకుంటున్నట్టు. మరియదాసు చూస్తాడు. పాస్టరుగారు చూస్తారు. కొడుకుని ఆ పాటల పాలబడ్డాడని గుమ్మం దాటించిన పెద్ద, ఆ పాటల హాల్లో హెల్మెట్టు చంకన పెట్టుకుని నిలబడ్డాడని సంఘమంతా చూస్తుంది. పెద్దరికం ఆ పేజీతో సరి.

“నన్ను కొయ్యొద్దమ్మా,” అన్నాడు యెషయా.

వెనక బిందె నేల మీద పెట్టిన చప్పుడైంది.

రోజమ్మ ఎప్పుడొచ్చిందో తెలీదు. తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి ఫొటో లాంతరు మీదికి ఎత్తింది. కొడుకు దగ్గర ఆగింది. “ఎంతమంది సేతులెత్తినారో,” అంది మెల్లగా, అదేదో కూడికైనట్టు. తర్వాత మొగుడి మాట గుర్తొచ్చి, ఎవరిని కొయ్యొద్దన్నాడో వెతుక్కుంది.

వెతకడానికి ఆమెకు భూతద్దం అక్కర్లేకపోయింది. ఆ చొక్కా భుజం ఎన్నిసార్లు కుట్టిందో ఆ చేతులకి తెలుసు.

“ఆ రాత్రి డూటీ అని సెప్పినావు.”

యెషయా దిగిపోయిన భుజాన్ని చేత్తో పట్టుకున్నాడు.

“తడిసి ముద్దయ్యి వొచ్చినావు. క్రేను కాడ వానన్నావు. నాను తల తుడిసినాను. తెల్లారి పోలీసోళ్ళొచ్చినారు. ఏడాదయ్యింది. ఏడాది, నా పక్కన పడుకున్నావు.”

“రోజీ...”

“తిట్టడం నేదు. నాకు తిట్టే ఓపిక నేదు.” ఆమె కూర్చుంది. ఫొటో ఒళ్ళో పెట్టుకుంది. గొంతు సన్నబడింది, అడగబోయేదాన్ని చూసి తనే భయపడినట్టు. “ఒక్కటి సెప్పు. ఆడు నిన్ను సూసినాడా?”

అప్పుడు దెబోరాకు మొత్తం అర్థమైంది. తల్లికి అవునని కావాలి. చూశాడంటే, తండ్రి వచ్చాడని తెలిసే పోయాడు. అందుకే ఇంటికి పరుగెత్తాడు. ఆ గడియ ఈ రాత్రే పడుతుంది.

తండ్రికి కాదని కావాలి. చూశాడంటే, ఆ పిల్లాణ్ణి ఆ వానలో ఆ వంతెన మీదికి పిలిచింది లారీ కాదు, తను.

“నేదు,” అన్నాడు యెషయా. చాలా వేగంగా అన్నాడు. ఫొటో మీద కొడుకు ముఖానికి వేలు చూపించాడు. “ఇదిగో, కళ్ళు మూసుకునే ఉన్నాడు. నాను ఒక్క పాట ఇని ఒచ్చీసినాను. ఆడు కళ్ళు మూసుకునే ఉన్నాడు రోజీ. ఫొటోలోనే ఉంది. సూడు.”

రోజమ్మ చూసింది. కొడుకు కనురెప్పల్ని, బొటనవేలితో, నిద్రపోతున్నవాడిని తడిమినట్టు తడిమింది. ఆమె భుజాలు దిగాయి.

యెషయా ఊపిరి వదిలాడు. ఏడాదిగా పట్టి ఉంచిన ఊపిరిలా బయటికి వచ్చింది. చెయ్యి చాచి, మధ్యాహ్నం నుంచీ ముట్టని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

“దేబమ్మా,” అంది రోజమ్మ, తలెత్తకుండానే. “మన రామమ్మ కూతురి పెళ్ళిలో ఆ ఫొటో బాబు ఒక్క దండకే ఎన్నిసార్లు టకటకమనిపించినాడు. కళ్ళు మూసుకుపోయినాయని మళ్ళీ మళ్ళీ తీసినాడు.”

దెబోరా ఫొటో తెచ్చిన అట్టని మూసి పెట్టింది.

“ఈ పాటకి ఒక్కటే తీసినారేటి?”

గ్లాసు యెషయా నోటి దాకా వెళ్ళి ఆగింది. లాంతరు మీదుగా కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఆజ్ఞ లేదు. రేవులో ఎంత బరువునైనా తాడు తెగకుండా దించిన మనిషి, ఇప్పుడు కింద నిలబడి, పైనున్న బరువుని చూస్తున్నట్టు చూశాడు.

ఒక్కటే అమ్మా, అనడానికి దెబోరా నోరు తెరిచింది. ఏడాదిగా కోసి అతికించడమే ఆమె పని. ఇంకొక్కటి కొయ్యడం ఎంతసేపు?

తల్లి తలెత్తి చూసింది.

“ఇంకోటుంది,” అంది దెబోరా.